వక్త, కర్త, శ్రోత: ఉన్నత పాఠశాలలో ‘హకల్‌బెరీ ఫిన్’ నవలా పఠనము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఉన్నత పాఠశాలల ఇంగ్లీషు తరగతులలో దీర్ఘకాలముగా పాఠ్యమై, అంత దీర్ఘకాలముగను వివాదమునకు గురియైన నవల మార్క్ ట్వేన్ రచించిన ‘అడ్వెంచర్స్ ఆఫ్ హకల్‌బెరీ ఫిన్’. 1876లో ఆరంభింపబడి, మధ్యమధ్య విడువబడి, 1883లో ముగిసిన యీ గ్రంథము 1884 డిసెంబరులో ఇంగ్లండు, కెనడాలలోను, 1885 ఫిబ్రవరిలో అమెరికాలోను ప్రకటితమైనది. దీనిని విద్యార్థులచే చదివింపవలెనా, మాన్పింపవలెనా యను చర్చ నేటికిని ముగియలేదు. ఆ చర్చలో పాల్గొన్న యుభయపక్షములవారును తరచుగా గ్రంథము నొక నిశ్చితార్థము గల వస్తువుగా భావించి, ఆ యర్థము మంచిదా చెడ్డదా యని వాదించిరి. ఒకే వాక్యము పలుకువానినిబట్టియు, వినువానినిబట్టియు భిన్నార్థముల నిచ్చునని మన యాలంకారికులు ఏనాడో చెప్పియున్నారు. ఆ సూత్రము నాధారముగా గొని, ఈ నవలను తరగతిలో ఎట్లు చదువవలెను, ఎచట పఠనము దారి తప్పుచున్నది యను విషయమును పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

కథ సంగ్రహముగా నిట్లున్నది. కాలము 1835-45 ప్రాంతము. స్థలము మిసిసిపీ నదీతీరము. పదమూడు పదునాలుగేండ్ల హక్ అను బాలుడు త్రాగుబోతైన తండ్రి నిర్బంధమునుండి, తాను హత్యచేయబడినట్లు ఆనవాళ్లు కల్పించి పారిపోవును. మిస్ వాట్సన్ అను నామెకు బానిసయైన జిమ్, తన్ను ఎనిమిదివందల డాలర్లకు న్యూ ఆర్లియన్సుకు అమ్మనున్నారని విని అతడును పారిపోవును. ఇరువురును ఒక తెప్పమీద నదిలో ప్రయాణింతురు. కైరో పట్టణము చేరి, అచటినుండి ఓహయో నదిమీదుగా బానిసత్వము లేని రాష్ట్రములకు పోవలెనని వారి సంకల్పము. పొగమంచులో కైరో దాటిపోవుటచే తెప్ప బానిసత్వము మరింత గాఢముగా నున్న దక్షిణమునకే కొట్టుకొనిపోవును. రాజు, డ్యూకు అను బిరుదులు చెప్పుకొను వంచకు లిరువురు వారితో చేరి, తుదకు జిమ్‌ను అమ్మివేయుదురు. హక్ అతనిని విడిపింప బూనగా, టామ్ సాయర్ అను మిత్రుడు వచ్చి ఆ పనిని పుస్తకములలోని సాహసకథలవలె నడిపించును. జిమ్‌ను మిస్ వాట్సన్ తన మరణశాసనముచే రెండు నెలల క్రిందటనే విముక్తుని చేసినదనియు, ఆ సంగతి టామ్‌కు మొదటినుండియు తెలియుననియు చివర బయటపడును.

ఈ నవలపై వచ్చిన ఆక్షేపణలు కాలానుసారముగా రూపము మార్చుకొనినవి. 1885 మార్చిలో మసాచుసెట్సు రాష్ట్రమందలి కాంకర్డ్ గ్రంథాలయమువారు దీనిని నిరాకరించిరి. హక్ నడవడియు, అతని మోటుమాటయు మర్యాదస్తులకు తగవని వారి యభిప్రాయము. నల్లజాతివారి గౌరవము నాటి ప్రశ్న కాదు. 1957లో న్యూయార్క్ నగర విద్యామండలి ప్రాథమిక, జూనియర్ ఉన్నత పాఠశాలల యామోదిత గ్రంథములనుండి దీనిని తొలగించునాటికి ఆక్షేపణము పూర్తిగా వేరైనది. నల్లవారిని హీనపరచు నొక నిందాపదము ఈ నవలలో రెండువందల సార్లకు పైగా వచ్చుటయే నాటినుండి ప్రధానాక్షేపణము. 1982లో వర్జీనియా రాష్ట్రమున మార్క్ ట్వేన్ పేరనే నెలకొన్న ఒక పాఠశాలలోనే ఈ గ్రంథమును తొలగింపవలెనను ప్రతిపాదన వచ్చినది. 2011లో అలబామాలోని యొక ప్రచురణసంస్థ ఆలన్ గ్రిబెన్ అను ఆచార్యుని సంపాదకత్వమున, ఆ నిందాపదమునకు బదులు ‘బానిస’ యను పదమును నిలిపి క్రొత్త ముద్రణమును వెలువరించినది. కాంకర్డ్ వారు దోషముగా నెంచినది కథకుని భాష. తరువాతివారు దోషముగా నెంచినదియు ఒక విధముగా కథకుని భాషయే. కావున భాషావిషయమునే ముందుగా విచారింపవలెను.

ట్వేన్ గ్రంథారంభమున నొక వివరణము చేర్చి, ఇందు మిస్సూరీ ప్రాంతపు నల్లవారి మాండలికమును, నైరృతి యడవిసీమల పలుకుబడిని, పైక్ కౌంటీ మాండలికమును, దాని యుపభేదములు నాలుగింటిని ప్రయోగించితినని చెప్పెను. నాటి సారస్వతభాష కిది విరుద్ధము. పాత్రలు సంభాషణములలో మాండలికము పలుకుట అంతకుముందే కలదు. గ్రంథమంతయు చదువురాని బాలుని నోట నడచుట విశేషము. తరగతిలో వ్యాకరణశుద్ధమైన ఇంగ్లీషు నేర్పవలసిన యుపాధ్యాయుడే, వ్యాకరణము నడుగడుగున మీరు నీ గ్రంథమును ఉత్తమ వచనమునకు ఉదాహరణముగా చూపవలసి వచ్చును. శిష్టవ్యావహారికము పాఠ్యగ్రంథములలో ప్రవేశింపవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు సాగించిన యుద్యమమును ఎరిగిన మనకు ఈ సంకటము క్రొత్తది కాదు. ట్వేన్ 1874లో ఒక నల్లజాతి బాలుని వాగ్ధోరణిని వర్ణించుచు చిన్నరచన ప్రకటించెననియు, హక్ కంఠస్వరములో ఆ ధోరణి జాడ లున్నవనియు షెల్లీ ఫిషర్ ఫిష్కిన్ 1993లో ప్రతిపాదించెను. ఈ ప్రతిపాదనము నంగీకరించినను మానినను, హక్ మాట ట్వేన్ మాట కాదనియు, అది పనిపెట్టి నిర్మింపబడిన కంఠమనియు అందువలన స్పష్టమగుచున్నది.

ఇచట మన యలంకారశాస్త్రము తోడ్పడును. ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకము’న కవి స్వయముగా పలుకు ప్రౌఢోక్తిని, కవి కల్పించిన వక్త పలుకు ప్రౌఢోక్తిని వేరుచేసెను. మమ్మటుడు ‘కావ్యప్రకాశము’ తృతీయోల్లాసమున, అర్థమునకు వ్యంజకత్వము కలుగుటకు హేతువులను పరిగణించుచు వక్తృవైశిష్ట్యమును, బోద్ధవ్యవైశిష్ట్యమును, కాకువును, దేశకాలములను, అన్యసన్నిధిని పేర్కొనెను. పలుకువా డెట్టివాడు, ఎవరితో పలుకుచున్నాడు, ఏ స్వరముతో పలుకుచున్నాడు, సమీపమున మరెవరున్నారు అను వానినిబట్టి వాక్యము తన వాచ్యార్థమును దాటి వేరొకదానిని సూచించునని తాత్పర్యము. హకల్‌బెరీ ఫిన్ నవలను చదువుట యనగా ఈ హేతువులను గుర్తించుటయే.

వక్తృవైశిష్ట్యమునకు 16వ, 31వ ప్రకరణములు ప్రసిద్ధోదాహరణములు. జిమ్ తన భార్యాబిడ్డలను కొనియో దొంగిలించియో తెచ్చుకొందునని చెప్పగా హక్ మనస్సు క్షోభించును. ఆ బిడ్డలు మరియొకని యాస్తి యనియు, ఆ యజమానుడు తన కేమియు అపకారము చేయలేదనియు అతడు తలపోయును. 31వ ప్రకరణమున మిస్ వాట్సన్‌కు జాబు వ్రాసి, జిమ్ ఉన్నచోటు తెలిపి, పాపవిముక్తుడ నైతినని యానందించి, పిదప జిమ్ చేసిన సేవలు జ్ఞప్తికి రాగా ఆ జాబును చించివేయును. తాను నరకమునకు పోవుటకు నిశ్చయించుకొన్నట్లే అతడు నమ్ముచున్నాడు. హక్ దృష్టిలో నిది పాపము. కర్త దృష్టిలో నిది ధర్మము. కథకుడు తన్ను తాను నిందించుకొను ప్రతివాక్యమును పాఠకుడు ప్రశంసగా మార్చుకొనవలెను. హక్‌కు పాపభీతి కలిగించిన యంతరాత్మ అతని స్వీయము కాదు. అది ఆదివారపు బడియు, ధర్మాసనమును, ఇరుగుపొరుగును కలసి నిర్మించినది. పదునారేండ్ల విద్యార్థి యీ తలక్రిందులైన లెక్కను గ్రహించిననాడు, సమాజము ధర్మమని చెప్పినదెల్ల ధర్మము కాకపోవచ్చునను నెరుక అతనికి ఉపన్యాసము వినకయే కలుగును. ఈ నవల తరగతిలో నిలిచియుండుటకు మూలబలము ఇదియే.

అయితే అనేక తరగతులలో పఠనము దారి తప్పునదియు నీ ప్రకరణముననే. హక్ జాబు చించినంతనే అతడు జాతిద్వేషమునుండి విముక్తుడైనట్లును, నవల తన నీతిని చెప్పి ముగించినట్లును పాఠము చెప్పబడును. మిగిలిన ప్రకరణములు పన్నెండును కర్త పొరపాటుగా క్షమింపబడును. ఈ పద్ధతిని మరుసటి ప్రకరణమే ఖండించుచున్నది. 32వ ప్రకరణమున హక్ ఫెల్ప్సు భార్యయైన శాలీతో, తన యాలస్యమునకు కారణముగా, పడవలో యంత్రము ప్రేలినదని కల్పించి చెప్పును. ఎవరికైన గాయము తగిలినదా యని ఆమె యడుగగా, ఎవరికిని లేదనియు, ఒక నల్లవాడు మాత్రము చచ్చెననియు బదులిచ్చును. అది యదృష్టమే, ఒక్కొక్కప్పుడు మనుష్యులకు దెబ్బలు తగులును గదా యని ఆమె సమాధానపడును. ఆమె దయగల యిల్లాలు. దయగల యామె మాటలోనే నల్లవాడు మనుష్యుల లెక్కలో చేరలేదు. ఇది ట్వేన్ వ్యంగ్యమునకు పరాకాష్ఠ. హక్ ఆ మాటను ఆమె విశ్వసించుటకై వేషముగా పలికెనా, లేక జిమ్ ఒక్కనియందే స్నేహము కలిగి తక్కిన నల్లవారి విషయమున పూర్వపు హక్‌గానే యుండెనా? వాచ్యమున సమాధానము లేదు. తరగతిలో రెండు పక్షములకును ఉపపత్తులు దొరకును. అట్టి ప్రశ్నను విడిచి 31వ ప్రకరణముతో ముగించు నుపాధ్యాయుడు విద్యార్థులకు గ్రంథమును చూపక, గ్రంథముపై నొక స్తోత్రమును మాత్రము చూపినవాడగును.

నవలాంతమును గురించిన విమర్శ విస్తారమైనది. జిమ్ అపహరింపబడిన చోటనే కథ నిజముగా ముగిసినదని హెమింగ్‌వే 1935లో వ్రాసెను. 1948లో లయొనెల్ ట్రిల్లింగును, 1950లో టి. ఎస్. ఎలియట్టును తమ పీఠికలలో ఆ యంతమును రూపసామ్యమునుబట్టి సమర్థించిరి. ఆరంభపు వాతావరణమునకే కథ తిరిగివచ్చుట వారికి సమంజసముగా తోచినది. 1953లో లియో మార్క్స్ వీరి నిరువురిని ఎదుర్కొని, జిమ్ విముక్తి యను గంభీరవిషయమును టామ్ ఆటలకు ఒప్పగించుట నైతికవైఫల్యమని వాదించెను. రూపసౌష్ఠవము నీతిలోపమును కప్పిపుచ్చజాలదని అతని హృదయము. ఈ మూడు మతములలో మార్క్స్ మతమే బలవత్తరము. అయినను వైఫల్యమని పేరిడినంత మాత్రమున ఆ ప్రకరణములను చదువనక్కరలేదని తేలదు. చట్టరీత్యా స్వతంత్రుడైనవానిని బంధించి, అతనిని విడిపించు వేడుక నొకడు ఆడుకొనుచున్నాడు. ఈ నవల వ్రాయబడిన సంవత్సరములలోనే, 1877లో, అంతర్యుద్ధానంతర పునర్నిర్మాణము ముగిసి, చట్టము స్వతంత్రులని చెప్పిన నల్లవారు దక్షిణరాష్ట్రములలో మరల కట్టుబాట్లలో చిక్కుకొనిరి. ఆ చరిత్రయే యిచట నీడవలె కనబడుచున్నదని పలువురు విమర్శకులు తలంచిరి. ట్వేన్ దానిని ఉద్దేశించెనా యను ప్రశ్న కంటె, చదువరికి ఆ పోలిక తట్టుచున్నదా యనునదే తరగతిలో ఫలవంతమైన ప్రశ్న.

గ్రంథమే చూపు నొక యానవాలు కలదు. నలువది డాలర్లు అను మొత్తము ఇందు ముమ్మారు వచ్చును. 16వ ప్రకరణమున బానిసలను వెదకువారు, తెప్పమీద మశూచిరోగి యున్నాడని భయపడి, హక్‌కు ఇరువది డాలర్ల బంగారునాణెములు రెండు విడిచిపోవుదురు. 31వ ప్రకరణమున రాజు జిమ్‌ను నలువది డాలర్లకే అమ్మును. తుది ప్రకరణమున, ఓపికతో ఖైదీగా నున్నందులకు టామ్ జిమ్‌కు నలువది డాలర్లిచ్చును, జిమ్ సంతోషించును. మూడింటిని చేర్చి చదువుడని అడిగినచో విద్యార్థులు టామ్ యౌదార్యమును వేరుకంట చూతురు. గాయపడిన టామ్ కొరకు తన స్వేచ్ఛను విడిచి, వైద్యునికి తోడ్పడి, మరల సంకెలలో పడినవాడు జిమ్. వైద్యుడు అతనిని పొగడిన పిదప అచటివారు ఇక తిట్టమని మాట యిత్తురు. సంకెలలు మాత్రము తీయరు. హక్ ఈ సంగతులనన్నిటిని చెప్పుచున్నాడు. వాని యర్థమును చెప్పుట లేదు.

జిమ్ మౌనము నిట్లే పరిశీలింపవలెను. 9వ ప్రకరణమున వరదలో తేలివచ్చిన యింటిలోని శవము హక్ తండ్రిదని జిమ్ ఎరుగును. హక్‌ను చూడనీయక, తుది ప్రకరణమువరకు చెప్పక దాచును. బాలునిపై జాలియా? తండ్రిభయము తీరినచో హక్ తెప్ప విడిచి యింటికి పోవునని, తనకు తెల్లబాలుని తోడు తప్పిపోవునని శంకయా? రెండును కావచ్చును. జిమ్ మనస్సు మనకు హక్ చెవి ద్వారా మాత్రమే అందుచున్నది. తెల్లనటులు ముఖమునకు మసి పూసికొని నల్లవారిని వెక్కిరించు మిన్‌స్ట్రెల్ ప్రదర్శనముల ముసుగును ట్వేన్ జిమ్‌కు తగిలించెననియు, ఆ ముసుగు వెనుకనుండియే జిమ్ గౌరవము కనబడుచున్నదనియు రాల్ఫ్ ఎల్లిసన్ 1958లో చెప్పినది ఇచట స్మరణీయము. 2024లో పెర్సివల్ ఎవరెట్ ‘జేమ్స్’ అను నవలలో కథకుని మార్చి, జిమ్ నోటనే కథ చెప్పించెను. అందలి బానిసలు తమలో తాము శుద్ధమైన ఇంగ్లీషు మాటాడుదురు. తెల్లవారు దగ్గర నున్నప్పుడు మాత్రము మోటుమాట నభినయింతురు. మమ్మటుడు చెప్పిన అన్యసన్నిధికి ఇంతకంటె చక్కని యుదాహరణము దొరకదు. ఆ గ్రంథమునకు 2025లో పులిట్జర్ బహుమానము వచ్చినది. మూలమును ఖండించుటకు గాక, మూలములోని మౌనమునకు మాట నిచ్చుటకే ఆ నవల పుట్టినదని చెప్పుట న్యాయము.

ఇక శ్రోత విషయము. ఆలంకారికుల బోద్ధవ్యుడు వాక్య మెవరి నుద్దేశించి పలుకబడినదో ఆ వ్యక్తి. ఆ సంజ్ఞను తరగతిలో కూర్చున్న విద్యార్థివరకు విస్తరించినచో ఈ వివాదపు మర్మము తెలియును. ముప్పదిమంది తెల్లవిద్యార్థుల నడుమ నొక్క నల్లవిద్యార్థిని కూర్చున్నదనుకొందము. ఉపాధ్యాయుడు ఆ నిందాపదమును పైకి చదివినప్పుడు ముప్పదిమందికి అది నూరేండ్ల నాటి మాట. ఆమెకు అది నడవలో నిన్న వినబడిన మాట కావచ్చును. కర్త వ్యంగ్యము నిజమే. ఆమె చెవికి తగిలిన దెబ్బయు నిజమే. ఒకటి రెండవదానిని రద్దు చేయదు. అరిజోనాలోని యొక ఉన్నత పాఠశాల మండలిపై వచ్చిన వ్యాజ్యమున, తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము 1998లో ఇచ్చిన తీర్పు ఈ భేదమును గుర్తించినది. సాహిత్యగ్రంథమును పాఠ్యముగా నుంచుట మాత్రము వివక్షగా పరిగణింపబడదనియు, తోటివిద్యార్థుల జాతిదూషణము తెలిసియు పాఠశాల యుపేక్షించినచో ఆ యభియోగము విచారణార్హమనియు న్యాయస్థానము తేల్చెను. చట్టము గ్రంథమును, గదిని వేరుచేయగలదు. ఉపాధ్యాయుడు వేరుచేయజాలడు. అతడు గ్రంథమును ఆ గదిలోనే చదివింపవలెను.

పదమును మార్చి ముద్రించుట ఈ చిక్కును తీర్చునా? తీర్చదు. ఆ నిందాపదము బానిసకు పర్యాయము కాదు. 6వ ప్రకరణమున హక్ తండ్రి త్రాగి తిట్టునది బానిసను గాదు. ఓహయోనుండి వచ్చిన స్వతంత్రుని, కళాశాలలో ఆచార్యుని, తన రాష్ట్రమున ఓటుహక్కు గలవానిని. అక్షరము రాని త్రాగుబోతు విద్వాంసుని హీనునిగా చూచుటకు ఆధారము ఆ పదమొక్కటే. బానిసత్వము పోయిన తరువాత కూడ ఆ పదము నిలిచినది. నవల చెప్పుచున్నది ఆ సంగతినే. అయినను గ్రంథములో పదమును నిలుపుట వేరు, గదిలో దానిని ఉచ్చరించుట వేరు. మౌనముగా చదువదగిన దానిని బిగ్గరగా చదివింపనక్కరలేదు. ఉచ్చారణ విషయమును మొదటిదినముననే చర్చించి, హేతువు చెప్పి, నిర్ణయించుకొనుట యుక్తము. టోనీ మారిసన్ 1996లో వ్రాసిన పీఠికలో ఈ నవల తొలిపఠనమున తనకు కలిగించిన కలతను దాచక చెప్పెను. అయినను దీనిని తొలగించు యత్నములు పిల్లల చదువుకంటె పెద్దల నెమ్మదికే తోడ్పడునని భావించెను. కలతయు, గౌరవమును ఒకే పాఠకురాలియందు కలసి యుండవచ్చునని ఆమె పీఠిక సాక్ష్యమిచ్చుచున్నది.

అదే సంవత్సరమున జేన్ స్మైలీ వేరుమతము ప్రకటించెను. నల్లవానిపై స్నేహభావము కలిగినంతనే తెల్లబాలుని గొప్పచేయుట చాలదనియు, 1852 నాటి స్టో రచన ‘అంకుల్ టామ్స్ కేబిన్’ బానిసత్వమును సూటిగా నెదుర్కొన్నదనియు ఆమె వాదము. ఈ యాక్షేపణములో సారము కలదు. బానిసత్వమును గురించి విద్యార్థి చదువు గ్రంథ మిదియొక్కటే యైనచో, బానిస మనస్సు నెన్నడును లోపలినుండి చూడని గ్రంథమే అతనికి ప్రమాణమగును. 1845లో ఫ్రెడరిక్ డగ్లసు, 1861లో హేరియట్ జేకబ్సు తమ దాస్యజీవితమును తామే వ్రాసిరి. వారి గ్రంథములలో నొకదాని ప్రక్కన చదివినపుడే హక్ కంఠముయొక్క శక్తియు, పరిమితియు రెండును తెలియును. మరొక గ్రంథమునకు సమయము లేదని చెప్పు పాఠ్యక్రమము హకల్‌బెరీ ఫిన్‌కును సమయము లేనిదే.

ఈ విచారణ అమెరికా యుపాధ్యాయులకు మాత్రమే పరిమితము కాదు. కులనామములు నిందాపదములుగా వాడబడిన సామెతలు మన సంకలనములలో కలవు. మాటకు మాటగా కులమును దూషించు పాత్రలు మన నాటకములలో కలరు. ఆ కులమునకు చెందిన విద్యార్థి ముందుబల్లపై కూర్చుండగా ఆ పుటను మనము వ్యాఖ్యానించుచున్నాము. గిరీశము మాటలు గురజాడ మాటలు కావని చెప్పుట మనకు సులభము. ఆ చెప్పుటతో మన పని సగమే ముగియును. మిగిలిన సగము శ్రోతను తెలిసికొనుట.

కావున ఈ నవలను పాఠ్యముగా నుంచుటకు మూడు నియమములు చాలును. కథకుని మాటను కర్త మాటగా గొనక ప్రతిపుటయందును వక్తను ప్రశ్నించుట. 31వ ప్రకరణపు విజయముతో తృప్తిపడక తుదివరకు చదివి, అచటి వైఫల్యమును విద్యార్థులతోనే విచారింపజేయుట. ఏ మాట ఎవరి చెవిని ఎట్లు తాకునో యెరిగి తరగతిని నడుపుట. ఈ మూడింటికిని అవకాశము లేనిచోట గ్రంథమును తరగతికి తేక, గ్రంథాలయపు బల్లపై విడుచుటయే మేలు. అవకాశము గలచోట దీనికి సాటివచ్చు పాఠ్యములు అరుదు. ఏలయన, తాను మంచివాడనని ఎరుగని కథకుడును, తాము మంచివారమని నమ్ము చుట్టుపట్లవారును ఇంత దగ్గరగా నిలిచిన గ్రంథములు ఏ భాషయందును ఎక్కువగా లేవు.